గులాబీ కాగితం మీద పేరుండదు



సర్పంచ్ ఎన్నికల్లో ఓటేసిన వాళ్లందరికీ తెలిసిన సంగతే. చేతికిచ్చే గులాబీ రంగు బ్యాలెట్ మీద అభ్యర్థి పేరుండదు. వార్డు మెంబరు తెల్ల కాగితం మీదా ఉండదు. ఉంగరం, కత్తెర లాంటి బొమ్మలు మాత్రమే వరుసగా ఉంటాయి. పార్టీల్లేని ఎన్నిక కాబట్టి చెయ్యీ, కమలం, సైకిలూ ఏవీ కనపడవు. తెలంగాణలో అయితే బొమ్మను ఎంచుకునే అవకాశం కూడా అభ్యర్థికి లేదు. పేర్లను తెలుగు అక్షర క్రమంలో పెట్టి, జాబితాలో ఉన్న గుర్తుల్ని వరుసగా ఇచ్చుకుంటూ పోతారు. ఎస్సీ మహిళా రిజర్వుడు సీటుకు నిలబడ్డ మన అక్క ముప్పై ఏళ్లుగా ఊరంతటికీ తెలిసిన మనిషే కావచ్చు. బ్యాలెట్ మీదికొచ్చేసరికి ఆమె ఒక కత్తెర. బొటనవేలంత కత్తెర. దాన్ని పోల్చుకుంటే ఆమెకు ఓటు, పోల్చుకోకపోతే లేదు.

ఈ వరుసలో భూమి గురించి, హాస్టళ్ల గురించి రాస్తూ వచ్చాను. ఈసారి గుర్తుల గురించి ఎందుకంటే, ఒక విద్యార్థి సంఘం తమ్ముళ్లు కొత్త లోగో పంపి "అన్నా, ఎట్లుంది?" అని అడిగారు. అందులో అంబేద్కర్, ఫూలే, సావిత్రిబాయి, బుద్ధుడు, తెగిన సంకెళ్లు, పెన్ను, పుస్తకం, పొద్దుపొడుపు, చుట్టూ మూడు భాషల్లో సంఘం పేరు. కంప్యూటర్ తెర మీద అందంగానే ఉంది. ఫోన్లో వాట్సాప్ గుండ్రంలో పెట్టి చూస్తే నీలం మరక. ఒక్క ముక్కలో జవాబు చెప్పి ఊరుకోవచ్చు. కానీ చిన్న బొమ్మను పెద్ద మనిషి పోల్చుకోగలగడం అనే ఈ వ్యవహారానికి మన వాడల్లో డెబ్బై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. అది తెలియకుండా లోగో గీస్తే ఇట్లాగే ఉంటుంది.

1951 జనాభా లెక్కల్లో దేశంలో అక్షరాస్యత 18 శాతం చిల్లర. మొదటి సాధారణ ఎన్నికల్లో ఓటర్లు 17 కోట్ల పైమాటే. నిరక్షరాస్యులు ఎక్కువ కాబట్టి బొమ్మలు పెట్టారు అని పాఠ్యపుస్తకాల్లో రాస్తారు, ఏదో దయతలచినట్టు. చదువు ఎవరికి లేదు? ఎవరు రానివ్వలేదు? అది రాయరు. 1935 చట్టం కింద ఆస్తి ఉన్నవాడికీ, చదువు ఉన్నవాడికీ ఓటు. అంటే మనకు లేనట్టే. 1928లోనే సైమన్ కమిషన్ ముందు అంబేద్కర్ వయసొచ్చిన ప్రతి మనిషికీ ఓటు కావాలని అడిగారు. చదువు రానివాడికి ఓటెందుకని ఆనాటి పెద్దమనుషులు అడ్డం మాట్లాడేవాళ్లు. ఆ వాదన ఓడిపోయి రాజ్యాంగంలో అందరికీ ఓటు వచ్చింది కాబట్టే బొమ్మ అవసరమైంది. ఆ బొమ్మ మన హక్కుకు వచ్చిన రూపం.

1951-52లో ఓటేసే పద్ధతి వేరు. బ్యాలెట్ కాగితం ఒక్క రూపాయి నోటంత ఉండేది. దాని మీద పేరూ లేదు, గుర్తూ లేదు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె. పెట్టె మీద గుర్తు అంటించేవాళ్లు. తెరచాటుకు పోయి నచ్చిన బొమ్మ ఉన్న పెట్టెలో కాగితం వేసి రావడమే. కాంగ్రెస్‌కు కాడి కట్టిన ఎడ్ల జత. సోషలిస్టులకు మర్రిచెట్టు. కమ్యూనిస్టులకు కంకీ కొడవలి. కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీకి గుడిసె. జనసంఘ్‌కు దీపం. హిందూ మహాసభకు గుర్రమూ రౌతూ. అంబేద్కర్ షెడ్యూల్డ్ కాస్ట్స్ ఫెడరేషన్‌కు ఏనుగు.

ఆ ఎన్నికల్లో ఏనుగు గెలిచింది రెండే లోక్‌సభ సీట్లు. ఒకటి షోలాపూర్‌లో పి.ఎన్. రాజభోజ్. రెండోది మన కరీంనగర్‌లో ఎం.ఆర్. కృష్ణ. అవును, కరీంనగరే. అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. జనరల్ సీటు పీడీఎఫ్ నుంచి బద్దం ఎల్లారెడ్డికి, రిజర్వుడు సీటు ఏనుగుకు. హైదరాబాద్ రాష్ట్రంలో సాయుధ పోరాటం ఆగి ఏడాది కూడా కాలేదు. ఊళ్లల్లో భయం ఇంకా పోలేదు. ఆ స్థితిలో అక్షరం రాని కూలీలు తెరచాటుకు పోయి ఏనుగు బొమ్మను పోల్చుకుని కాగితం వేశారు. అదే ఎన్నికల్లో బొంబాయి ఉత్తరంలో స్వయంగా అంబేద్కరే ఏనుగు గుర్తు మీద ఓడిపోయారు. గుర్తు ఓట్లు తేదు. వచ్చే ఓటును దారి తప్పనివ్వకుండా మాత్రం చూడగలదు.

ఏనుగు ఎందుకు అని చాలామంది చాలా చెబుతారు. మాయాదేవి కలలో తెల్ల ఏనుగు అంటారు. ఆ కల దృశ్యం మన అమరావతి శిల్పాల్లోనే చెక్కి ఉంది. నాకు మాత్రం అర్థం ఎంత ముఖ్యమో ఆకారమూ అంతే ముఖ్యం. ఎంత చిన్నగా గీసినా తొండం తొండమే. లోపల కన్నూ, ముడతలూ పోయినా, నల్లసిరా నింపేసినా, ముద్రణ అలుక్కుపోయినా ఏనుగు ఏనుగులాగే ఉంటుంది. కంకీ కొడవలిని అంతే చేసి చూడండి, గడ్డిపరకలవుతాయి. గుర్రం మీద రౌతును చేయండి, గుర్రం ఎక్కడైందో మనిషి ఎక్కడైందో తెలియదు.

ఈ తేడా 1952లో అంతగా బయటపడలేదు, ఎందుకంటే పెట్టె మీద ఒకే బొమ్మ ఉండేది. పక్క బొమ్మతో జాగా కోసం కొట్లాడాల్సిన పని లేదు. 1960, 61 నాటికి కేరళ, ఒరిస్సా మధ్యంతర ఎన్నికల్లో కొత్త పద్ధతి తెచ్చారు. 1962 సాధారణ ఎన్నికల్లో దాన్నే దాదాపు దేశమంతా పెట్టారు. అందరి పేర్లూ గుర్తులూ ఒకే కాగితం మీద, మనం ముద్ర గుద్దాలి. గుర్తు ఒక్కసారిగా పెట్టె మీద నుంచి కాగితం మీది గడిలోకి కుంచించుకుపోయింది. ఆ ఏడాదే అలీగఢ్ నుంచి బి.పి. మౌర్య రిపబ్లికన్ పార్టీ తరఫున గెలిచి పార్లమెంటుకు పోయాడు. 1957లో ఫెడరేషన్ స్థానంలో పుట్టిన ఆ పార్టీకి ఏనుగే వారసత్వం. తర్వాత అది ముక్కలు ముక్కలైంది. 1984 ఏప్రిల్ 14న కాన్షీరామ్ పెట్టిన బీఎస్పీ చివరికి ఏనుగును మళ్లీ నిలబెట్టింది. అస్సాంలో మాత్రం ఆ గుర్తు అసోం గణ పరిషత్‌ది. అక్కడ బీఎస్పీ వేరే గుర్తు వెతుక్కోవాలి.

తెలంగాణలో 2014లో ఏనుగు గుర్తు మీద ఇద్దరు ఎమ్మెల్యేలు గెలిచారు, నిర్మల్లో ఒకరు, సిర్పూర్లో ఒకరు. గెలిచి ఇద్దరూ కారెక్కారు. గుర్తు స్పష్టంగా ఉంటే సరిపోదు, ఎక్కినవాడు కూడా స్పష్టంగా ఉండాలి. అది వేరే వ్యాసం.

ఈ బొమ్మలు గీసిందెవరు? ఎం.ఎస్. సేథీ అనే డ్రాఫ్ట్స్‌మన్. ఎన్నికల సంఘంలో ఉద్యోగి. సైకిలు, చీపురు, దువ్వెన, ఇట్లా ఇంట్లో, వీధిలో కనపడే వస్తువుల్ని పెన్సిలుతో గీసుకుంటూ పోయాడు. 1992లో రిటైరయ్యాడు. ఆయన గీసిన గీతల్ని కోట్లమంది వేళ్లు తాకాయి. ఆ పేరు తెలిసినవాళ్లు ఎంతమంది? చేతిపని చేసినవాడి పేరు చరిత్రలో మిగలకపోవడం మనకు కొత్త కాదు గానీ, ఈసారి గుర్తుపెట్టుకోండి. ఆ బొమ్మల్లో కొన్ని గట్టిగా నిలిచాయి, కొన్ని నిలవలేదు. పెన్సిలు గీతల అందం పెద్ద కాగితం మీదే. గడిలోకి పోతే సన్న గీత చచ్చిపోతుంది.

మన దగ్గర కారు గొడవ చూశారు కదా. 2018లో ట్రక్కు గుర్తు తమ ఓట్లు తినేసిందని టీఆర్ఎస్ మొత్తుకుంది. తర్వాత రోడ్డు రోలర్. 2022 మునుగోడు ఉప ఎన్నికప్పుడు కెమెరా, చపాతీ కర్ర, డోలీ, రోడ్డు రోలర్, సబ్బు పెట్టె, టీవీ, కుట్టు మిషన్, ఓడ, ఈ ఎనిమిదీ కారులాగే కనపడుతున్నాయని హైకోర్టుకు పోయింది. 2023లో సుప్రీంకోర్టు దాకా పోతే, ఓటర్లు తెలివైనవాళ్లు, ఆ మాత్రం తేడా వాళ్లకు తెలుసు అన్న ధోరణిలో కొట్టేసింది. నాకు ఆ పార్టీ మీద ప్రేమ ఏమీ లేదు. దళిత ముఖ్యమంత్రి మాట ఏమైందో అడిగే హక్కు నాకు ఇంకా ఉంది. అయినా ఈ విషయంలో వాళ్ల ఫిర్యాదు నాకు నవ్వులాట కాదు. మాట తెలివి గురించి కాదు, చూపు గురించి. పొద్దంతా ఎండలో కలుపు తీసే ముసలమ్మకు కళ్లద్దాలు లేవు. బడిలో పోలింగ్ గదికి సరైన వెలుతురు ఉండదు. పక్క నుంచి చూస్తే చక్రాలున్న ప్రతిదీ ఒకటే, పైన డబ్బా, కింద రెండు గుండ్రాలు. సన్న గీతతో అచ్చేస్తే ఇంకా ఒకటే. వీవీప్యాట్ అద్దం వెనక చీటీ ఏడు సెకన్లు ఉంటుంది. ఆ ఏడు సెకన్లలో ఆమె తన ఓటు ఎక్కడ పడిందో పోల్చుకోవాలి. పెద్ద పార్టీ అయితే కోర్టుకు పోతుంది. కత్తెర గుర్తు వచ్చిన మన అక్క ఎక్కడికి పోతుంది?

చదువు రానివ్వకుండా చేసి, చదువు రాదు కాబట్టి ఓటు లేదు పొమ్మనడం మన దేశపు పెద్దమనుషుల సొంత తెలివి అనుకోకండి. అమెరికాలో అలబామా రాష్ట్రం, లౌండెస్ కౌంటీ. సెల్మా నుంచి మాంట్‌గొమరీ పోయే దారిలో ఉంటుంది. జనాభాలో నూటికి ఎనభై మంది నల్లవాళ్లు. 1965 మొదట్లో ఓటరు జాబితాలో ఒక్క నల్ల మనిషి పేరు లేదు. ఒక్కటంటే ఒక్కటి. ఓటు నమోదుకు పోయిన కౌలుదార్లను తెల్ల భూస్వాములు పొలాల నుంచి వెళ్లగొడితే గుడారాల్లో బతికారు. కారంచేడు తర్వాత చీరాల శిబిరం గుర్తొస్తుంది నాకు ఈ ముక్క చదివినప్పుడల్లా.

అక్కడ స్నిక్ అనే విద్యార్థి సంఘం కార్యకర్తలు, స్టోక్లీ కార్మైకేల్ వాళ్లూ, ఊరి జనంతో కలిసి సొంత పార్టీ పెట్టారు. చట్టం ప్రకారం పార్టీకి బ్యాలెట్ మీద బొమ్మ ఉండాలి. అప్పటికి అలబామా డెమొక్రాటిక్ పార్టీ బొమ్మ ఏమిటో తెలుసా? తెల్ల కోడిపుంజు. దాని మీద అక్షరాలా శ్వేతజాతి ఆధిపత్యం అని రాసి ఉండేది. రూత్ హోవర్డ్ అనే కార్యకర్త మొదట పావురం అనుకుంది. ఎవరికీ నచ్చలేదు. మరి నచ్చుతుందా, ఇంట్లోకి తుపాకీ గుళ్లు వచ్చేచోట పావురమా? అట్లాంటాలోని క్లార్క్ కాలేజీ ఆటల జట్టుకు చిరుతపులి చిహ్నం ఉంది. దాన్ని తీసుకున్నారు. డొరొతీ జెల్నర్ దానికి నల్లసిరా నింపి మీసాలు దిద్దింది. పంజా ఎత్తి దూకుతున్న నల్ల చిరుత. కోడిపుంజు పక్కన పెడితే వేరే వివరణ అక్కర్లేదు. ఊళ్లో ముసలివాళ్లు దాన్ని పిల్లి అనే పిలిచేవాళ్లట. పిల్లికీ కోడికీ ఉన్న సంబంధం ఎవరికి తెలియదు?

లోపల నలుపు నింపడం చిన్న విషయం అనిపిస్తుంది. అక్కడే ఉంది పనంతా. గీతగా ఉన్నప్పుడు అది కాలేజీ బొమ్మ. నలుపు నింపేసరికి బ్యాలెట్ మీద ఎంత చిన్న గడిలోనైనా కనపడే గుర్తు అయింది, రోడ్డు పక్క బోర్డు మీద ఎంత పెద్దగానైనా గీయగలిగే గుర్తు అయింది. జెన్నిఫర్ లాసన్ అనే అమ్మాయి ఆ బోర్డులు గీసింది. షెరీఫ్ పని ఏమిటో, పన్నులు వేసేవాడి పని ఏమిటో బొమ్మల కథలుగా గీసి పంచింది. 1966 నవంబరు 8న ఎన్నిక జరిగింది. ఏడుగురు నిలబడ్డారు, ఏడుగురూ ఓడారు. నాలుగేళ్లకు అదే ఉద్యమంలోని జాన్ హ్యూలెట్ షెరీఫ్‌గా గెలిచాడు.

ఓడిన ఎన్నికకు నెల ముందే ఆ బొమ్మ కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ చేరింది. హ్యూయీ న్యూటన్, బాబీ సీల్ దాని పేరుతో బ్లాక్ పాంథర్ పార్టీ పెట్టారు. 1972లో బొంబాయిలో నామ్‌దేవ్ ఢసాల్, జె.వి. పవార్, రాజా ఢాలే వాళ్లు దళిత్ పాంథర్స్ పెట్టింది ఆ స్ఫూర్తితోనే. మనం జై భీమ్‌తో పాటు పాంథర్ అనే మాట పలికినప్పుడు, దాని మూలం తుపాకీలూ నల్ల టోపీలూ అనుకుంటాం. దానికంటే ముందు అది అక్షరం రాని పత్తి కూలీ బ్యాలెట్ కాగితం మీద వేలు పెట్టి చూపించడానికి గీసిన బొమ్మ.

పాంథర్స్ తమిళనాడు వెళ్లి విడుదలై చిరుతైగళ్ కట్చి అయ్యారు. పేరులోనే చిరుతలు ఉన్నా బ్యాలెట్ మీద చిరుత దొరకదు. 1990ల నుంచి ఎన్నికల సంఘం కొత్తగా జంతువుల్ని గుర్తులుగా ఇవ్వడం మానేసింది. ఏనుగు లాంటి పాతవి మిగిలాయి. తిరుమావళవన్ 2019లో చిదంబరంలో కుండ గుర్తు మీద నిలబడి 3,219 ఓట్ల తేడాతో గెలిచాడు. ప్రచారానికి చేతిలో ఉన్నవి కొద్ది రోజులే. కుండను వివరించడానికి అంతకంటే ఎక్కువ అక్కర్లేదు కూడా. గోడ మీద బొగ్గుముక్కతో రెండు గీతల్లో వస్తుంది. 2024లో రెండు సీట్లు గెలిచాక రాష్ట్ర పార్టీగా గుర్తింపు వచ్చి కుండ వాళ్ల సొంతమైంది. పేష్వాల పూనాలో మనవాళ్లు ఉమ్మి నేల మీద పడకుండా మెడలో కుండ కట్టుకుని నడవాల్సి వచ్చిందని అంబేద్కర్ 'కుల నిర్మూలన'లో రాశారు. ఆ కుండ పార్లమెంటుకు పోయింది. వాళ్లు ఆ లెక్కతోనే తీసుకున్నారని నేననడం లేదు, నాకు అట్లా కనపడుతుంది.

ఇక చిన్నతనంలో కనపడటానికీ, దూరం నుంచి కనపడటానికీ తేడా లేదు. కంటికి రెండూ ఒకటే. దానికి మన ఊరి మొదట్లో ఉన్న విగ్రహమే సాక్ష్యం. బస్సు కిటికీలోంచి, మసక చీకట్లో, అరకిలోమీటరు అవతల నుంచి చూసినా అది ఎవరో తెలుస్తుంది. ఎత్తిన చెయ్యి, చాచిన వేలు, చంకలో పుస్తకం. ముఖం పోలిక కుదిరిన విగ్రహాలు వందకు పది కూడా ఉండవు. ఊరి సిమెంటు మేస్త్రీ పోసినవే ఎక్కువ. అయినా ఎవరూ పొరబడరు. ఏ డిజైనరూ గీయలేదు, ఏ కంపెనీ డబ్బు పెట్టలేదు. ఈ దేశంలో అంతకంటే గట్టి గుర్తు నాకు ఇంకోటి కనపడదు. 2012 జనవరిలో ఉత్తరప్రదేశ్ ఎన్నికలప్పుడు లక్నో, నోయిడా పార్కుల్లో రాతి ఏనుగులకు గుడ్డలు కప్పించారు. గుడ్డ కప్పినా అది ఏనుగే అని దారిన పోయే పిల్లలకు కూడా తెలిసింది. ఆకారం అట్లా ఉండాలి.

జెండా సంగతి కూడా ఒక మాట. చరఖా తీసేసి ధర్మచక్రం ఎందుకు పెట్టారంటే పెద్ద పెద్ద కారణాలు చెబుతాం. అవీ నిజమే. కానీ 1947 జూలై 22న రాజ్యాంగ సభలో నెహ్రూ చెప్పిన కారణాల్లో మామూలు చేతిపని కారణం ఒకటుంది. చరఖాకు ఒకవైపు చక్రం, ఇంకోవైపు కదురు. జెండా వెనక నుంచి చూస్తే తిరగబడుతుంది. చక్రం ఎటు నుంచి చూసినా చక్రమే. ఆ జెండా కమిటీలో అంబేద్కర్ సభ్యుడు. జెండా నియమాల్లో అన్నిటికంటే చిన్న కొలత 150 మిల్లీమీటర్లకు 100. అందులో చక్రం 25 మిల్లీమీటర్లు. ఆకులు ఇరవై నాలుగూ అందులో లెక్కపెట్టొచ్చు. చొక్కా బిళ్ల మీద లెక్కపెట్టలేం, అయినా చక్రం అని తెలుస్తుంది.

తమ్ముళ్లకు నేను రాసి పంపింది ఇది. ఫూలేనూ సావిత్రిబాయినీ తీసేయమంటున్నానని కోపం వద్దు. వాళ్లు మీ మొదటి పేజీలో, మీ బ్యానర్ మీద, మీ మాటల్లో ఉండాలి. గుండ్రంలో ఒక్కటే ఉండాలి. కళ్లజోడు తీసుకుంటారా, ఎత్తిన వేలు తీసుకుంటారా, తెరిచిన పుస్తకమా, మీ ఇష్టం. మూడు భాషల పేరు గుండ్రం బయట రాసుకోండి. ముందు రంగు లేకుండా ఒక్క నలుపులో గీయండి, ఎందుకంటే కరపత్రం రిసో మీద అచ్చవుతుంది, రసీదు పుస్తకం మీద రబ్బరు స్టాంపు పడుతుంది, అక్కడ నీలం రంగు మిమ్మల్ని కాపాడదు. గీశాక జిరాక్స్ తీయండి. ఆ జిరాక్స్‌కు మళ్లీ జిరాక్స్ తీయండి. నాలుగోసారి వచ్చిన కాగితాన్ని గది అవతలి గోడకు అంటించి, కళ్లజోడు తీసేసిన మీ అమ్మనో నాయనమ్మనో అడగండి, ఇదేమిటి అని. క్యాంపస్‌లో ఇంకో సంఘం గుర్తు పక్కన పెట్టి కూడా అడగండి, ఏది మనదని. ఆమె జవాబు చెప్పకముందే మీరు వివరించడం మొదలుపెట్టకండి.

నిన్న రాత్రి మూడు బొమ్మలు తిరిగి పంపారు. రెండిట్లో సంకెళ్లు ఇంకా ఉన్నాయి, చిన్నగా చూస్తే వానపాముల్లా ఉన్నాయి. మూడోది కళ్లజోడూ దాని కింద తెరిచిన పుస్తకమూ, అంతా నలుపు. దాన్ని ఫోన్లో పెట్టి మా వీధిలో ఇస్త్రీ బండి పెద్దమ్మకు చూపించాను. "అంబేద్కర్ సారు గదా" అంది, పెట్టె పక్కన పెట్టకుండానే.

వచ్చే భాగం కరీంనగర్ 1952 మీద. ఆనాడు ఏనుగు పెట్టెలో ఓటేసిన తాతలూ అమ్మమ్మల జ్ఞాపకాలు మీ ఇళ్లల్లో ఎవరి దగ్గరైనా ఉంటే కింద రాయండి.